బ్యాక్టీరియా, మనిషి కణం: మాట, మారుమాట – తరచుగా అడిగే ప్రశ్నలు

ఇవి సైన్స్ విద్యార్థులు, వాళ్ల అమ్మానాన్నలు, ఒకరిద్దరు డాక్టర్లు అడిగే ప్రశ్నలు. వరుస నాది. ఈ రంగం గురించి వచ్చే వార్తల్లో "సంభాషణ" అనే మాటని ధారాళంగా వాడతారు. చాలాచోట్ల జరిగేది ఒకవైపు మాటే. అందుకే ఏ ప్రయోగం గురించి చదివినా నేను ముందు వెతికేది ఒకటే: జవాబు తిరిగి వచ్చిందా?

బ్యాక్టీరియాకి నోరు లేదు, చెవి లేదు. "మాట్లాడుకుంటాయి" అనడం కాస్త ఎక్కువ కాదా?

కొంచెం ఎక్కువే. కానీ ఇంతకన్నా పొదుపైన మాట దొరకలేదు. ఒక కణం చిన్న రసాయనాన్ని బయటికి వదులుతుంది. అది నీళ్లలో పాకి ఇంకో కణంలోకి చేరుతుంది, అక్కడ ఒక ప్రొటీన్‌కి అతుక్కుంటుంది. ఆ ప్రొటీన్ డీఎన్‌ఏ మీద తనకి కేటాయించిన చోట కూర్చుని ఒక జన్యువుని పనిలోకి దించుతుంది. చెప్పిన కణం ఉంది, విన్న కణం ఉంది, విన్నాక నడవడిక మారింది. అందుకే మాట అంటున్నాం. వాటికి ఆలోచన ఉందని ఎవరూ అనడం లేదు.

ఈ సంగతి మొదట ఎలా బయటపడింది?

వెలుగు వల్ల. సముద్రంలో ఉండే విబ్రియో ఫిషెరీ అనే బ్యాక్టీరియా చీకట్లో నీలికాంతి ఇస్తుంది. దాన్ని ఫ్లాస్కులో పెంచితే మొదట్లో ఏమీ వెలగదు. సంఖ్య బాగా పెరిగాక ఒక్కసారిగా వెలుగు మొదలవుతుంది. 1970లో కెనెత్ నీల్సన్, టెర్రీ ప్లాట్, వుడ్‌లాండ్ హేస్టింగ్స్ ఈ ఆలస్యం మీద పరిశోధనా పత్రం ప్రచురించారు. కణాలు బయటికి వదిలే ఏదో పదార్థం ఒక మోతాదుకి చేరేదాకా వెలుగు జన్యువులు నిద్రపోతాయని అందులో తేలింది. 1981లో ఆ పదార్థం ఏమిటో తెలిసింది. అది హోమోసెరీన్ లాక్టోన్ కుటుంబానికి చెందిన చిన్న అణువు. 1983లో ఆ జన్యువులన్నిటినీ తీసి ఈ-కోలై అనే పేగు బ్యాక్టీరియాలో పెడితే ఈ-కోలై కూడా వెలిగింది.

పంచాయతీ సమావేశానికి తగినంతమంది రాకపోతే "కోరం లేక వాయిదా" అని మర్నాడు పేపర్లో వస్తుంది కదా. బ్యాక్టీరియా చేసేది సరిగ్గా అదే. ఒక్కటే వెలిగితే ఎవరికీ కనపడదు, శక్తి దండగ. లక్షలు పోగయ్యాక వెలిగితే ఫలితం ఉంటుంది. 1994లో ఫుక్వా, వైనన్స్, గ్రీన్‌బెర్గ్ దీనికి "కోరం సెన్సింగ్" అని పేరు పెట్టారు. సంకేతాన్ని తయారుచేసే ఎంజైమ్ పేరు లక్స్-ఐ, దాన్ని వినే ప్రొటీన్ పేరు లక్స్-ఆర్. ఈ జంట ఇవాళ్టికీ ఈ పని చేసేవాళ్ల పనిముట్ల పెట్టెలో పైనే ఉంటుంది.

మన శరీర కణాలకి ఈ మాటలు సహజంగా వినపడతాయా?

వినపడతాయి. పక్కింటి గొడవ మన వంటింట్లోకి వినపడినట్టు.

ఊపిరితిత్తుల్లో చేరి పీడించే సూడోమోనాస్ ఏరుజినోసా తన లాక్టోన్ సంకేతాలతో తోటి కణాలని కూడగట్టుకుంటుంది. మన ముక్కు లోపలి పొరలో టీఏఎస్2ఆర్38 అనే చేదు గ్రాహకం ఉంది. నాలుక మీద క్యాబేజీ జాతి కూరల చేదుని పసిగట్టేది కూడా ఇదే. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం వాళ్లు 2012లో చూపించినదేమంటే, ముక్కులోని ఆ గ్రాహకం సూడోమోనాస్ సంకేతాలని పట్టుకుని నైట్రిక్ ఆక్సైడ్ విడుదల చేయిస్తుంది, సన్నని రోమాలు వేగంగా ఊగి చెత్తని బయటికి నెడతాయి. శత్రువుల రహస్య సమావేశం ముక్కుకి చేదుగా తెలుస్తుందన్నమాట. ఈ రంగంలో నాకు బాగా నచ్చిన ఫలితం ఇది.

ఎదురు దిశలోనూ ఉంది. పేగుని రక్తసిక్తం చేసే ఈ-కోలై ఓ157 రకం మన అడ్రినలిన్‌ని పసిగట్టి దాడి జన్యువులని లేపుతుందని వెనెస్సా స్పెరాండియో బృందం 2003లో చెప్పింది. మనకి కంగారు పుడితే దానికి కబురు అందుతుంది. 2016లో బోనీ బాస్లర్ ప్రయోగశాల ఇంకో మెట్టు ఎక్కింది. మన పేగు పొర లాంటి కణాలు, బ్యాక్టీరియా వాడే ఏఐ-2 అనే సంకేతాన్ని పోలిన పదార్థాన్ని తామే తయారుచేస్తాయనీ, బ్యాక్టీరియా దాన్ని నిజమైన సంకేతంలాగే అందుకుంటుందనీ తేలింది.

సహజంగానే ఉంటే మళ్లీ ఇంజినీరింగ్ ఎందుకు?

ఆ సహజ సంభాషణలు వాళ్ల అవసరానికి ఏర్పడ్డవి, మన అవసరానికి కాదు. పైగా అవి రద్దీగా ఉంటాయి. ఒక్క సంకేతానికి పది మంది పలుకుతారు. కావలసింది ఒక ప్రత్యేకమైన తీగ. మనం పంపిన బ్యాక్టీరియా, మనం మార్చిన మనిషి కణం, ఈ రెండింటికే తెలిసిన గుర్తు, మిగతా శరీరానికి పట్టనిది.

అలాంటి తీగ ఉంటే ఏం చేయొచ్చో ఊహించండి. పేగులో వాపు మొదలైన చోట బ్యాక్టీరియా కబురు పెడుతుంది, పక్కనున్న కణం మందు తయారుచేస్తుంది. వాపు తగ్గాక అదే కణం "ఇక చాలు" అని జవాబిస్తుంది, బ్యాక్టీరియా ఊరుకుంటుంది. మాత్రతో ఈ పని కాదు. మాత్రకి వేసుకున్నప్పటి నుంచి అరిగేదాకా ఒకటే పాట.

బ్యాక్టీరియా చెప్పేది మనిషి కణం వినేలా ఎలా చేస్తారు?

ఇది సులువైన సగం. లాక్టోన్ అణువులు చిన్నవి, కొవ్వు పొరల్ని దాటగలవు, కాబట్టి మనిషి కణంలోకి వాటంతట అవే వెళతాయి. లోపల వినేవాళ్లు లేకపోవడమే లోటు. అగ్రోబ్యాక్టీరియం అనే ఇంకో బ్యాక్టీరియాలో లక్స్-ఆర్‌కి చుట్టమైన ట్రా-ఆర్ అనే ప్రొటీన్ ఉంది. ఇటలీ పరిశోధకులు 2003లో దాన్ని మనిషి కణాల్లో పెట్టి పనిచేయించారు. కానీ అలాగే పెడితే పనిచేయదు, రెండు మార్పులు కావాలి.

బ్యాక్టీరియాలో డీఎన్‌ఏ అరుగు మీద ఆరబోసినట్టు ఉంటుంది, ప్రొటీన్ నేరుగా వెళ్లి కూర్చోవచ్చు. మనిషి కణంలో అది కేంద్రకం అనే గదిలో ఉంటుంది. కాబట్టి ట్రా-ఆర్‌కి గదిలోకి ప్రవేశపత్రం లాంటి చిన్న తోక తగిలించాలి. ఇక రెండోది: బ్యాక్టీరియా ప్రొటీన్ డీఎన్‌ఏ మీద కూర్చున్నా, మన జన్యువుల్ని చదివే యంత్రాంగం దాన్ని లెక్కచేయదు. మన సొంత ప్రొటీన్ నుంచి ఒక ముక్క తెచ్చి అతికిస్తే అప్పుడు గుర్తిస్తుంది. ఆ పనికి పీ65 అనే ప్రొటీన్ ముక్కని వాడారు. చివరగా, ట్రా-ఆర్ గుర్తుపట్టే డీఎన్‌ఏ వరుసని మనకి కావలసిన జన్యువు ముందు పెట్టాలి.

ఏ లాక్టోన్‌ని ఎంచుకోవాలన్నది మాత్రం చిన్న విషయం కాదు. లాక్టోన్ వలయానికి తోకలా ఒక కార్బన్ల గొలుసు ఉంటుంది. సూడోమోనాస్ వాడే, 12 కార్బన్ల పొడుగు గొలుసున్న లాక్టోన్‌కి సొంత బుద్ధి ఉంది. అది మన రోగనిరోధక కణాల హెచ్చరిక వ్యవస్థని మందగింపజేస్తుందని 2008లో చూపించారు. కబురు మోసుకెళ్లేవాడే ఇంట్లో సామాన్లు సర్దేస్తే ఎలా? మరీ పొట్టి గొలుసున్నవి తీసుకుంటే ఇంకో చిక్కు. లాక్టోన్ వలయం క్షారగుణం ఉన్న ద్రవంలో తెరుచుకుని పనికిరాకుండా పోతుంది, గొలుసు పొట్టిదైతే ఇంకా త్వరగా. దానికి తోడు మన కణాల్లో పారాక్సోనేజ్ అనే ఎంజైములు వీటిని విరగ్గొడుతూ ఉంటాయి.

మరి జవాబు వెనక్కి రావడం ఎందుకు అంత కష్టం?

అసలు ప్రశ్న ఇది. మనిషి కణాలు దూరం కబురు పెట్టడానికి ఎక్కువగా ప్రొటీన్లు వాడతాయి: ఇన్సులిన్, ఇంటర్‌ల్యూకిన్లు, ఇంటర్‌ఫెరాన్లు. ఈ-కోలై వంటి బ్యాక్టీరియా బయటి పొరలోని రంధ్రాల గుండా సుమారు 600 డాల్టన్ల (డాల్టన్ అంటే అణువుల బరువుకి కొలత) లోపు అణువులే దూరగలవు. ఇన్సులిన్ 5,800 డాల్టన్లు. గుమ్మంలో ఏనుగు.

పోనీ లాక్టోన్‌నే మనిషి కణం చేత తయారుచేయిద్దామంటే ముడిసరుకు కుదరదు. లక్స్-ఐకి కొవ్వు ఆమ్లం ముక్క ఒక విడి ప్రొటీన్ మీద ఎక్కి రావాలి. బ్యాక్టీరియాలో అలాగే వస్తుంది. మన కణాల్లో కొవ్వు ఆమ్లాలు తయారుచేసే యంత్రం ఒకే పెద్ద మూట, ఆ ముక్క మధ్యలో చేతికి అందదు. అన్ని ఎంజైములకీ ఈ పట్టింపు లేదు. సోయా వేళ్లలో కాపురముండే బ్రాడీరైజోబియం తన సంకేతాన్ని ఐసోవాలెరిల్ కో-ఎంజైమ్-ఏ నుంచి చేసుకుంటుంది. లూసీన్ అనే అమినో ఆమ్లం అరిగేటప్పుడు ఆ పదార్థం మన కణాల్లోనూ పుడుతుంది. ఇలాంటి దారులే ముందుకు పనికొస్తాయని నా అంచనా.

చాలామంది ఎంచుకున్నది వేరే దారి. మనిషి కణాన్ని మార్చకుండా, అది బాధలో ఉన్నప్పుడు సహజంగా బయటపడే పదార్థాలనే వినమని బ్యాక్టీరియాకి నేర్పడం. పేగు వాచినప్పుడు టెట్రాథయొనేట్ అనే గంధకపు పదార్థం పుడుతుంది. దాన్ని గుర్తుపట్టి, గుర్తుపట్టిన సంగతి జ్ఞాపకం కూడా ఉంచుకునే ఈ-కోలైని హార్వర్డ్‌లో పమేలా సిల్వర్ బృందం తయారుచేసింది. 2017లో ప్రచురించిన ఆ ప్రయోగంలో అది ఎలుకల పేగులో ఆరు నెలలు పనిచేసింది. 2018లో ఎంఐటీ వాళ్లు రక్తంలోని హీమ్ అనే ఎర్ర పదార్థాన్ని పసిగట్టి వెలిగే బ్యాక్టీరియాని, ఆ వెలుగుని చదివే చిన్న చిప్‌ని ఒక గుళికలో అమర్చి, పందుల కడుపులో రక్తస్రావాన్ని కనిపెట్టారు. బ్యాక్టీరియా విని ఫోన్‌కి చెప్పింది. కణానికి మాత్రం జవాబు చెప్పలేదు.

రెండువైపులా నిజంగా జరిగిన ప్రయోగం ఉందా?

ఉంది, అదీ చాలా ముందే. జ్యూరిక్‌లోని ఈటీహెచ్‌లో విల్‌ఫ్రీడ్ వెబర్, మార్టిన్ ఫుసెనెగ్గర్ 2007లో ప్రచురించారు. వాళ్లు ఎంచుకున్న ప్రధాన సంకేతం ఎసిటాల్డిహైడ్. పండిన పండు వాసనలో కొంత ఇదే. మందు తాగినవాడి ఒంట్లో ఆల్కహాల్ విరిగి మొదట అయ్యేదీ ఇదే. ఇది ఆవిరైపోతుంది కాబట్టి పంపే కణాలు ఒక గిన్నెలో, అందుకునే కణాలు ఇంకో గిన్నెలో ఉన్నా గాలిలోనే కబురు వెళ్లింది. వినే ప్రొటీన్‌ని యాస్పర్‌జిల్లస్ అనే బూజు నుంచి తెచ్చి క్షీరద కణాల్లో పెట్టారు.

అంతటితో ఆగలేదు. ఎసిటాల్డిహైడ్‌తో పాటు విటమిన్ సంబంధిత చిన్న అణువులని, యాంటీబయాటిక్‌లని కూడా సంకేతాలుగా వాడి, ఒక జాతి మనుగడ ఇంకో జాతి పంపే రసాయనం మీద ఆధారపడేలా అల్లారు. దాంతో పరస్పర సహాయం, పరాన్నజీవనం, వేటాడేది–వేటబడేది ఊగిసలాడే ఆట, మూడూ గిన్నెలో పుట్టాయి.

ఇది నా పరీక్షలో నెగ్గుతుంది. జవాబు తిరిగి వచ్చింది. అయితే ఎసిటాల్డిహైడ్ విషపదార్థం, ఒంట్లో కబురుకి దాన్ని వాడలేం.

రెండింటినీ ఒకే గిన్నెలో పెంచితే బ్యాక్టీరియా మిగతాదాన్ని మింగేయదా?

మింగేస్తుంది. ఈ పని మొదలుపెట్టిన ప్రతి విద్యార్థీ ఒక్కసారైనా ఈ దెబ్బ తింటాడు. ఈ-కోలై అనుకూలమైన చోట 20 నిమిషాలకి రెట్టింపవుతుంది. రాత్రి పదింటికి ఒక్కటి వదిలి వెళితే, లెక్క ప్రకారం పొద్దున ఆరింటికి 24 సార్లు రెట్టింపై 1,67,77,216 అవుతుంది. ఆ ఎనిమిది గంటల్లో మనిషి కణం ఒక్కసారి కూడా విభజన పూర్తిచేయదు, దానికి దాదాపు ఒక రోజు పడుతుంది. మన కణాలు పెంచే ద్రవంలో ఫినాల్ రెడ్ అనే రంగు కలుపుతారు. బ్యాక్టీరియా ఆమ్లం కక్కితే గులాబీ ఎరుపు కాస్తా పసుపు అవుతుంది. పొద్దున్నే ఇంక్యుబేటర్ తలుపు తీయగానే పసుపు కనిపిస్తే ఇక మైక్రోస్కోప్ దాకా వెళ్లక్కర్లేదు.

విరుగుడు రకరకాలు. 0.4 మైక్రాన్ల రంధ్రాలున్న పొరని మధ్యలో పెడితే అణువులు దాటతాయి, బ్యాక్టీరియా దాటదు. సముద్రపు నాచు నుంచి తీసే ఆల్జినేట్ జిగురు గుళికల్లో బ్యాక్టీరియాని బంధించవచ్చు. పెరగకుండా ఆపి, చంపకుండా ఉంచే మోతాదులో మందు వేయొచ్చు. హార్వర్డ్‌లోని వైస్ ఇన్‌స్టిట్యూట్ తయారుచేసిన పేగు చిప్‌లో ద్రవం పారుతూ, పొర సాగుతూ ఉండటంతో మిగులు బ్యాక్టీరియా కొట్టుకుపోతుంది. నిజమైన పేగు చేసేదీ అదే కదా.

వేగంలో తేడా వల్ల ఇంకో ఇబ్బంది. బ్యాక్టీరియా నిమిషాల్లో స్పందిస్తుంది, మనిషి కణానికి గంటలు పడుతుంది. "ఆపు" అనే జవాబు వచ్చేలోపు అటువైపు పది పనులు అయిపోతాయి. ఈ మాట–మారుమాటల వలయం కుదురుగా ఉండాలంటే వేగంగా ఉన్నవాడిని నెమ్మది చేయాలి. వార్తల్లో ఈ మాట రాదు, ల్యాబుల్లో సగం సమయం దీనికే పోతుంది.

మన సంకేతాన్ని వేరేవాళ్లు వింటే?

వింటారు. ఈ-కోలైకి లాక్టోన్ తయారుచేసే ఎంజైమ్ లేదు, కానీ ఇతరుల లాక్టోన్‌ని వినే ఎస్‌డీ-ఐఏ అనే ప్రొటీన్ ఉంది. తను నోరు విప్పదు, అందరి మాటా వింటుంది. ప్రతి ఊళ్లోనూ అలాంటివాడొకడు ఉంటాడు. కాబట్టి లాక్టోన్ తీగ వేసేటప్పుడు ఆ జన్యువుని తీసేయడం మంచిది. పేగులో ఉన్న వందల జాతులు ఏమేం వింటాయన్నది గిన్నెలో చేసే ప్రయోగం చెప్పలేదు.

ఏ బ్యాక్టీరియాని వాడతారు? ఈ-కోలై అంటేనే భయం కదా?

ఈ-కోలైలో ఎన్నో రకాలు. ఎక్కువగా వాడేది ఈ-కోలై నిస్ల్ 1917. మొదటి ప్రపంచ యుద్ధంలో తోటివాళ్లు విరేచనాలతో పడిపోతుంటే ఆరోగ్యంగా ఉన్న ఒక సైనికుడి మలం నుంచి ఆల్‌ఫ్రెడ్ నిస్ల్ అనే జర్మన్ వైద్యుడు దీన్ని వేరుచేశాడు. మ్యుటాఫ్లోర్ పేరుతో చాలాకాలంగా మందుగా వాడుతున్నారు.

కానీ మచ్చ లేనిదేమీ కాదు. కోలిబాక్టిన్ అనే పదార్థాన్ని తయారుచేసే జన్యువులు దీనిలో ఉన్నాయి, ఆ పదార్థం డీఎన్‌ఏని దెబ్బతీస్తుంది. "సురక్షితమైనది" అని ఒక్క ముక్కలో తేల్చేసే వ్యాసాల్లో ఈ సంగతి కనపడదు.

లాక్టోబాసిల్లస్ జాతులు కూడా వాడతారు. కోర్నెల్‌లో జాన్ మార్చ్ బృందం 2015లో లాక్టోబాసిల్లస్ గ్యాసెరీ చేత జీఎల్‌పీ-1 అనే హార్మోన్ రూపాన్ని విడుదల చేయించింది. దాన్ని తాగించిన మధుమేహ ఎలుకల పేగు కణాలు కొన్ని ఇన్సులిన్ తయారుచేసే కణాల్లా మారాయి. అధిక చక్కెర 30 శాతం దాకా తగ్గింది. జవాబు తిరిగి రాలేదు. సగం సంభాషణే, కానీ వినదగ్గ సగం.

వలయం పూర్తయి, జబ్బు మీద పనిచేసిన ఉదాహరణ ఒకటి చెప్పండి.

బ్యాక్టీరియాది కాదు, దాని పక్కింటి ఈస్ట్‌ది చెబుతాను. ఇంతకన్నా శుభ్రమైన ఉదాహరణ నాకు కనపడలేదు. దెబ్బతిన్న కణాల నుంచి ఏటీపీ బయటికి కారుతుంది. కణం లోపల ఉంటే అది ఇంధనం, బయట ఉంటే "ఆపద" అనే కేక. పేగు వాపు జబ్బుల్లో ఈ కేక ఆగక, వాపు మరింత పెరుగుతుంది. ఫ్రాన్సిస్కో క్వింటానా బృందం 2021లో ఏం చేసిందంటే, ఏటీపీని వినే మనిషి గ్రాహకాన్ని రొట్టెల ఈస్ట్‌లో పెట్టి, దాని వినికిడిని ఇంకా పదును చేసింది. ఈస్ట్ ఆ కేక విన్నప్పుడల్లా ఏటీపీని విరగ్గొట్టే అపిరేజ్ అనే ఎంజైమ్‌ని వదులుతుంది. కేక తగ్గితే ఎంజైమ్ తగ్గుతుంది. ఎలుకల్లో వాపు తగ్గింది.

ఇక్కడ మనిషి వైపు కణాన్ని ఎవరూ మార్చలేదు. అయినా అది చెప్పింది, ఈస్ట్ విన్నది, బదులు చేసింది, ఆ బదులు మొదటి మాటని మార్చింది. ఇంకేం కావాలి?

అన్నట్టు ఏటీపీని 1929లో కండరాల నుంచి వేరుచేసినవాళ్లలో మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి చేశారు. ఆ ఇంధనమే ఒకరోజు కబురు కూడా అవుతుందని అప్పటికి ఎవరికీ తెలియదు.

క్యాన్సర్ విషయంలో ఏం జరుగుతోంది?

గట్టి కణితుల లోపల ఆక్సిజన్ తక్కువ, రోగనిరోధక కణాల కాపలా తక్కువ. కొన్ని బ్యాక్టీరియాలకి అది అత్తారిల్లు. అక్కడ చేరి పెరుగుతాయి. కార్-టీ చికిత్సలో రోగి టీ కణాలని (ఇవి రోగనిరోధక కణాల్లో ఒక రకం) మార్చి క్యాన్సర్ మీద గుర్తుపట్టాల్సిన బొమ్మని నేర్పుతారు. రక్త క్యాన్సర్లలో ఇది బాగా నడిచింది. గట్టి కణితుల్లో మాత్రం, వాటికి మాత్రమే ఉండి ఆరోగ్యమైన కణాలకి లేని గుర్తు దొరకడం కష్టం.

కొలంబియా విశ్వవిద్యాలయంలో తాల్ డానినో బృందం 2023లో ఈ చిక్కుని తిరగేసింది. గుర్తు దొరకకపోతే మనమే అంటిద్దాం అన్నారు. నిస్ల్ బ్యాక్టీరియా కణితిలో చేరి, కోరం కుదిరాక అందులో ఎక్కువభాగం ఒక్కసారిగా పగిలిపోతుంది. లోపలి నుంచి వచ్చిన కృత్రిమ గుర్తు కణితి నేతకి అంటుకుంటుంది. ఆ గుర్తుని మాత్రమే చూసి దాడిచేసే టీ కణాలు అక్కడికి వస్తాయి. ఎలుకల్లో కణితుల పెరుగుదల తగ్గింది.

బ్యాక్టీరియా చెప్పింది, మార్చిన మనిషి కణం విన్నది. టీ కణం తిరిగి బ్యాక్టీరియాతో "పని అయింది, ఇక వద్దు" అనగలిగితే పూర్తి వలయం అయ్యేది. ఈ అమరికలో ఆ జవాబు లేదు.

ఆస్పత్రిలో ఎప్పుడు దొరుకుతుంది?

తొందరపడకండి. మార్చిన బ్యాక్టీరియాని మనుషులకి ఇవ్వడం కొత్త కాదు. వాపు తగ్గించే ఇంటర్‌ల్యూకిన్-10ని తయారుచేసే లాక్టోకాకస్‌తో 2000లో బెల్జియం పరిశోధకులు ఎలుకల్లో మంచి ఫలితం చూపించారు. 2006లో క్రోన్స్ అనే పేగు వాపు జబ్బున్న పదిమంది మీద మొదటి దశ పరీక్ష ప్రచురితమైంది, ఇబ్బందేమీ రాలేదు. తర్వాతి పరీక్షల్లో మాత్రం ప్రయోజనం తేలలేదు. ఫినైల్‌కీటోన్యూరియా అనే పుట్టుకతో వచ్చే జబ్బుకి సిన్‌లాజిక్ సంస్థ మార్చిన నిస్ల్‌ని మూడో దశ దాకా తెచ్చి, లక్ష్యం అందేలా లేదని 2024 ఫిబ్రవరిలో ఆపేసింది. ఈ రెండూ ఒకవైపు పనులే. అవే ఇంత కష్టపడితే రెండువైపుల వలయానికి ఎన్నేళ్లో నేను తేదీ చెప్పను.

తప్పించుకుని కాలువల్లో, చెరువుల్లో చేరితే?

పైన చెప్పిన బెల్జియం లాక్టోకాకస్‌కి ఇందుకే ఒక గట్టి సంకెళ్లు వేశారు. డీఎన్‌ఏ కట్టుకోవడానికి కావలసిన థైమిడిన్‌ని తయారుచేసే జన్యువుని దాని నుంచి తీసి, సరిగ్గా ఆ స్థానంలోనే ఇంటర్‌ల్యూకిన్ జన్యువుని పెట్టారు. థైమిడిన్ దొరకని చోట అది చచ్చిపోతుంది. వేరే బ్యాక్టీరియా నుంచి పోయిన జన్యువుని తిరిగి సంపాదించుకుందా, ఆ మార్పిడిలో ఇంటర్‌ల్యూకిన్ జన్యువు ఊడిపోతుంది. చాలా తెలివైన ఏర్పాటు.

తమని తాము చంపుకునే మీటలు కూడా ఉన్నాయి. వాటిని నేను అంతగా నమ్మను. చావు జన్యువు పాడైన కణమే బతుకుతుంది, కోట్ల కణాల్లో అలాంటిది ఎక్కడో పుడుతుంది, కొన్నాళ్లకి అంతా దాని సంతానమే. అందుకే ఒకదాని మీద ఒకటి రెండు మూడు తాళాలు వేస్తారు. 2015లో ప్రకృతిలో లేని అమినో ఆమ్లం పెడితేనే బతికే ఈ-కోలైని రెండు బృందాలు తయారుచేశాయి. ఇప్పటికి అన్నిటికన్నా గట్టి తాళం అదేనని నా అభిప్రాయం.

మన దేశంలో దీనికి అనుమతులు ఎవరిస్తారు?

1986 పర్యావరణ పరిరక్షణ చట్టం కింద 1989లో వచ్చిన నియమాలు ఉన్నాయి. ప్రతి పరిశోధన సంస్థలో జీవభద్రత కమిటీ ఉండాలి. దాని పైన కేంద్ర బయోటెక్నాలజీ విభాగం దగ్గరి ఆర్‌సీజీఎం అనే సమీక్ష కమిటీ, వాతావరణంలోకి వదిలే విషయమైతే పర్యావరణ శాఖ దగ్గరి జీఈఏసీ అనే మదింపు కమిటీ.

పెరుగు, చద్దన్నం తింటే ఈ సంభాషణ జరగదా?

జరుగుతుంది, ఇంజినీరింగ్ లేకుండా. పెరుగులోని బ్యాక్టీరియా చాలావరకు బాటసారులు, పేగులో కాపురం పెట్టవు. అక్కడే ఉండే జాతులు మనకి అరగని పీచుని పులియబెట్టి బ్యూటిరేట్ చేస్తాయి. అది పెద్దపేగు కణాలకి తిండి, కబురు కూడా. ఏ జన్యువులు తెరుచుకోవాలో కొంతవరకు అదే నిర్ణయిస్తుంది. ఎవరైనా "క్వోరమ్ ప్రోబయోటిక్" అని సీసా అమ్మితే కొనకండి.

కాలేజీ ల్యాబులో ఏదైనా చేసి చూడొచ్చా?

మనిషి కణాలతో వద్దు. వెలుగు మాత్రం చూడొచ్చు, జన్యువులేవీ మార్చకుండా. మన తీరంలో కారలు అనే వెండి రంగు చిన్న చేపలు దొరుకుతాయి. వాటి గొంతు చుట్టూ వెలుగు అవయవం ఉంటుంది, అందులో కాపురముండేది ఫోటోబ్యాక్టీరియం. విశాఖలోనో కాకినాడలోనో రేవు దగ్గర, మంచినీళ్లతో కడగని తాజా చేప తీసుకోండి. లీటరు నీటికి 30 గ్రాముల ఉప్పు కలిపి, చేప సగం మునిగేలా పళ్లెంలో పెట్టి, మూత వేసి, 20 డిగ్రీలు దాటని చల్లని చోట ఒకటి రెండు రోజులు ఉంచండి. తర్వాత పూర్తి చీకటి గదిలో పది నిమిషాలు కూర్చుంటే కళ్లు అలవాటు పడతాయి. అదృష్టం ఉంటే చర్మం మీద నీలి చుక్కలు కనిపిస్తాయి. కనపడకపోతే ఇంకో చేపతో మళ్లీ ప్రయత్నించండి. ఆ చేపని తినకండి, పళ్లేన్ని బ్లీచింగ్ నీళ్లతో కడగండి, వాసన గురించి హాస్టల్ వార్డెన్‌కి ముందే చెప్పి ఉంచండి.